ఎవరి జోలికీ పోని లస్కరు

మా శాఖలో ఇకమీదట అనుకోని పని ఎవరూ చెయ్యకూడదని, అనుకున్న పని ఎవరూ మానకూడదని మాఘమాసంలో ఒక ఉత్తర్వు వచ్చింది.

నేను ముక్కావరం లాకు మీద లస్కరుని. లస్కరంటే కాలవ షట్టర్లు ఎత్తేవాడు, దించేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పని ఇదే. పైనుంచి ఫోనొస్తే హ్యాండిలు తగిలించి ఎత్తుతాను, మళ్ళీ ఫోనొస్తే దించుతాను. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో నా మనసులో ఏముందని ఎవరూ అడగలేదు. నేనూ పెద్దగా ఏమీ ఉంచుకోలేదు. అందుకని ఆ కాగితం చూడగానే కాస్త కంగారేసింది.

"సిబ్బంది యొక్క వ్యక్తిగత సంకల్పమునకును, దైనందిన చర్యలకును నడుమ గల అంతరమును నిర్మూలించు నిమిత్తము నలుబది యొక్క దినముల సంకల్ప దీక్ష ప్రారంభించడమైనది. ప్రతి ఉద్యోగియు ఒక్క సంకల్పమును లిఖితపూర్వకముగా దాఖలు చేయవలెను. సదరు సంకల్పమునకు అనుగుణము కాని ఏ చర్యయు చేయరాదు" అని ఉంది. నేను ఏడో తరగతి తప్పినవాణ్ణి. రెండుసార్లు చదివి వదిలేశాను. మూడోసారి హెడ్ క్లర్కు పద్మనాభం గారు చదివి వినిపించి, తనకీ అంతే అర్థమైందన్నారు.

సంగతేమిటంటే, పైన ఒక పెద్ద ఆఫీసరు గారు పట్నంలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళారు. అక్కడ కళ్ళు మూసుకుని కూర్చుంటే, తన సర్వీసంతా తాననుకోని పనులే చేశారని ఆయనకి తెలిసింది. ఆయనకి చాలా దిగులేసింది. ఆ దిగులు ఒక్కరే పడలేక జిల్లా మొత్తానికీ పంచారు.

సోమవారం నాడు శిక్షకుడు దిగాడు. పేరు నిశ్చల్ గారు. తెల్ల లాల్చీ, కాళ్ళకి చెప్పుల్లేవు. ఏదైనా అడిగితే ముందు కళ్ళు మూసుకుంటాడు, తర్వాతే జవాబు చెబుతాడు. సెక్షన్ ఆఫీసు ముందు షామియానా వేసి మా పద్నాలుగు మందినీ కూర్చోబెట్టారు. మన చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట ఉంటున్నాయని ఆయన బాధపడ్డాడు. వ్రతంలో సంకల్పం చెప్పుకున్నాక పీట మీంచి లేస్తామా అని అడిగాడు. లేవమన్నాం. కంకణం కట్టుకున్నాక వ్రతం పూర్తి కాకుండా విప్పుతామా అన్నాడు. విప్పమన్నాం. ఆఫీసులో మాత్రం గంటకి పదిసార్లు లేస్తున్నామే, అదే మన దేశానికి పట్టిన రోగం అన్నాడు. కాబట్టి సంకల్పం రాసిన ప్రతివాడికీ పసుపు దారం కంకణం కడతారు. నలభై ఒకటో రోజున దాన్ని ఆయనే విప్పాలి. ఈలోగా సంకల్పం మార్చడానికి వీల్లేదు.

మా ఏఈ చక్రధర్ గారు లేచి, మరి డ్యూటీ సంగతేమిటండీ అని అడిగారు. నిశ్చల్ గారు కళ్ళు మూసుకున్నాడు. "విధి సంకల్పంలో ఇమిడిపోవాలి. ఇమడకపోతే అది విధి కాదు, అలవాటు" అన్నాడు. ఏఈ గారు ఆ ముక్క డైరీలో రాసుకున్నారు.

తర్వాత కాగితాలు పంచారు. ఏఈ గారిది పెద్ద గొంతు. ఆయన ఇవతల గట్టున కేకేస్తే అవతల గట్టు మీద వాడు సైకిలు దిగేవాడు. ఆయన "కోపం మానుకోవాలి" అని రాశారు. పద్మనాభం గారు "ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినాలి" అని రాశారు. పై లాకు లస్కరు సూరిబాబు వాగుడుకాయ. వాళ్ళావిడ చెప్పిందేమో, "రోజుకి నూరు మాటలకి మించి మాట్లాడకూడదు" అని రాశాడు.

నా కాగితం నా చేతిలో ఉంది. అందరి మొహాలూ తద్దినానికి కూర్చున్నట్టున్నాయి. అలాంటి మొహాలు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. వెనకటికి ఒక కుర్ర ఇంజనీరు కొత్తగా వస్తే, లాకులో చేపలు లెక్కపెట్టి నెలాఖరుకి పంపాలని చెప్పాను. పాపం రెండు రోజులు లెక్కపెట్టాడు. ఆ దురదే ఇప్పుడూ పుట్టింది. "ఎవరి జోలికీ, దేని జోలికీ పోకుండా కూర్చోవాలి" అని రాసిచ్చాను. చదివి నవ్వుతారు, నాలుగు చివాట్లు పెడతారు, ఇంకో కాగితం ఇస్తారు అనుకున్నాను.

నిశ్చల్ గారు చదివాడు. కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సాధనలో ఇంత నిర్మలమైన సంకల్పం చూడలేదన్నాడు. నా చేతికి దారం కట్టి, ముడి మీద ఇంకో ముడి వేశాడు.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. పెదగరువు పిల్లకాలవ తూము ఆ రోజుకి మూసి ఉంది. అలాగే ఉండిపోయింది. నేను లాకు గది ముందు కుర్చీ వేసుకుని, ఎవరి జోలికీ పోకుండా కూర్చున్నాను. ఆఫీసులోనూ అందరూ దీక్షలోనే ఉన్నారు. పద్మనాభం గారి దగ్గరికి మంగళవారం ఒక రైతు వచ్చి, తన తాతల నాటి గట్టు తగాదా మొదలెట్టాడు. పూర్తిగా వినాలి కదా. ఆయన భోజనానికి లేవలేదు. శుక్రవారానికి కథ ఆ రైతు మేనత్త పెళ్ళి దాకా వచ్చింది.

బుధవారం సూరిబాబు లాకు దగ్గర మూడేళ్ళ పిల్ల రేవు మెట్ల మీంచి జారింది. అప్పటికే వాడి నూరు మాటలూ అయిపోయాయి. అయినా ఆగలేక అరిచాడు. గట్టు మీద వాళ్ళు దూకి పిల్లని తీశారు. సాయంత్రానికి మెమో వచ్చింది. "సదరు ఉద్యోగి తన సంకల్పమునకు విరుద్ధముగా ఇరువది మూడు మాటలు అధికముగా ప్రయోగించినందున సంజాయిషీ కోరడమైనది" అని. సంజాయిషీ ఇవ్వబోతే అది నూరు మాటల్లో పట్టలేదు. సస్పెండు చేశారు.

అప్పటి నుంచి నేను కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను.

గురువారం పొద్దున్నే లాకు గదిలో ఫోను మోగింది. పెదగరువు వంతు గురువారం. తూము ఎత్తమని ఫోను. పదకొండు సార్లు మోగింది. నేను దాని జోలికి పోలేదు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల నవ్వొచ్చింది కూడా.

శుక్రవారం వీరవేణి వచ్చింది.

పెదగరువు కాలవ చిట్టచివర, శివారున, ఎకరన్నర కౌలుకి చేస్తుంది. మొగుడు ధనరాజు రెండేళ్ళ కిందట తాడిచెట్టు మీంచి పడ్డాడు. అప్పటి నుంచి లేచి నడవడమే గొప్ప. చేనంతా ఈ మనిషి చేతి మీదే ఉంది. పైనున్న రైతులకి మురుగు కాలవలోంచి ఇంజను పెట్టి తోడుకునే వీలుంది. శివారున ఇరవై మందికి ఆ వీలు లేదు. ఆ ఇరవై మందిలో ఆఖరి చేను వీరవేణిది.

"బాబాయ్, నిన్న లచ్చివారం మా వంతండి. చుక్క రాలేదు. ఎటకారాలు తర్వాతాడుదురు గాని, తూము ఎత్తండి" అంది.

నేను దారం చూపించాను.

"నోము పట్టారా ఏంటండి?"

"నోము కాదమ్మా, గవర్నమెంటు" అన్నాను.

సంగతంతా చెప్పాను. ఆ మనిషి ఓపిగ్గా వింది. నేను చెప్పేదానికి చివర్లో ఏదో నవ్వు వస్తుందని చూస్తున్నట్టుంది. నా సంగతి తెలిసినవాళ్ళంతా అలాగే చూస్తారు. రాలేదు. వరి చేను పొట్ట మీద ఉందని, కంకి ఇంకా లోపలే ఉందని, నేల అప్పుడే నెర్రెలిస్తోందని, వచ్చే వంతు కూడా పోతే కంకులన్నీ తాలుగానే బయటికొస్తాయని మెల్లగా చెప్పింది. నా వెనకాల గోడకి వేలాడుతున్న హ్యాండిలు వైపు చూసింది. ముట్టుకుంటే సూరిబాబుతో పాటు నేనూ ఇంటికే అన్నాను.

"అయితే సరదాకి రాసేరా బాబాయ్?"

"సరదాకే రాశాను."

గట్టు దిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళకి జవాబు చెప్పడం నాకు వచ్చు.

శనివారం ఆఫీసుకి బయల్దేరాను. కూర్చోవాలని రాసిచ్చాను కాబట్టి ఆటోలో కూర్చునే వెళ్ళాను. దిగిన వెంటనే కుర్చీ తెప్పించుకున్నాను. ఏఈ గారు నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. కణతల దగ్గర నరాలు పైకి లేచాయి.

"రండి బుల్లబ్బాయి గారూ. మొన్న ఫోను పదకొండు సార్లు చేశానండి. మిమ్మల్ని ఒక మాట అందామనుంది. ఇంకా ముప్పై ఐదు రోజులుంది. దాచి ఉంచుతాను" అన్నారు.

నా సంకల్పం సవరించమని అడిగాను. ఆయన చేతిలో లేదట. నిశ్చల్ గారికి వీడియో కాల్ చేశారు. ఆయన విని కళ్ళు మూసుకున్నాడు. సిగ్నలు ఆగిపోయిందేమోనని ఏఈ గారు ఫోను రెండుసార్లు దులిపారు.

"నీళ్ళు కావాలన్నది ఆవిడ సంకల్పం. షట్టరు ఎత్తడం మీ సంకల్పం కాదు. ఒకరి సంకల్పం ఇంకొకరు మొయ్యబట్టే ఈ దేశం అలిసిపోయింది" అన్నాడు.

చేను ఎండిపోతుందండీ అన్నాను. ఎండిపోకూడదని చేను సంకల్పం దాఖలు చేసిందా అని అడిగాడు. చెయ్యలేదన్నాను. అదీ సంగతన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. తన సంకల్పం తప్పినవాడికి ఎంత శిక్షో, దీక్షలో ఉన్న ఇంకొకరి సంకల్పానికి అడ్డొచ్చినవాడికీ అంతే శిక్షట. తొమ్మిదో నిబంధన. కావాలంటే చదువుకోమన్నాడు.

ఫోను పెట్టేశాక ఏఈ గారు దిగాలుగా కూర్చున్నారు. ఆయన దిగులు వేరు. ఈ దీక్షలో రైతుల్ని కూడా చేర్పించాలట. సెక్షనుకి పాతికమంది చొప్పున. ఇప్పటికి ఒక్కడు కూడా రాలేదు. బల్ల మీద ఖాళీ ఫారాల కట్ట అలాగే ఉంది. నేను దాన్ని చూశాను. ముట్టుకోలేదు. దాని జోలికి పోకూడదు కదా. ఒక ఫారం ఫ్యాను గాలికి ఎగిరి నా ఒళ్ళో పడింది. అది నా తప్పు కాదు.

ఆ సాయంత్రమే ఒకడి మోటారు సైకిలు వెనక కూర్చుని పెదగరువు వెళ్ళాను. ధనరాజు మంచం మీద ఉన్నాడు. వీరవేణి వాకిట్లో చేట పట్టుకుని మినుములు చెరుగుతోంది. ఫారం ఒళ్ళో పెట్టుకుని, నేనేమీ చెయ్యను గానీ దీని వెనక ఉన్న తొమ్మిదో రూలు చదువుతాను వినండి అన్నాను. చదివాను.

"ఇదీ ఎటకారమేనాండి?" అన్నాడు ధనరాజు.

"ఈసారి కాదురా" అన్నాను. నమ్మడానికి వాడికి చాలాసేపు పట్టింది. వాణ్ణి తప్పుపట్టను. వాడి పెళ్ళినాడు బాజాభజంత్రీల్ని ఇంకో ఊరు పంపించింది నేనే.

వీరవేణి చెయ్యి తుడుచుకుని వచ్చింది. నీళ్ళు కావాలని రాయనాండి అంది. అది కోరిక అవుతుందమ్మా, వాళ్ళకి కోరికలు పనికిరావు, నువ్వు చేసే పని రాయి అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. "లచ్చివారం పొద్దున్నే పెదగరువు తూము ఎత్తి మా చేలో నీళ్ళెట్టుకుంటాను" అని. ఒక్క అక్షరం మార్చకుండా తన చేత్తోనే రాయించాను.

సోమవారం ఆ ఫారం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. పద్మనాభం గారు ఆవిడ చెప్పింది పూర్తిగా విన్నారు. అభ్యంతరం చెప్పాలని ఆయన సంకల్పంలో లేదు. మొదటి రైతు దొరికిందని ఏఈ గారు సంతోషంగా ఫారం అందుకున్నారు. చదివారు. మొహం ఎర్రబడింది. మళ్ళీ చదివారు. బయట ఆటోలో కూర్చున్న నన్ను కిటికీలోంచి చాలాసేపు చూశారు. తర్వాత చిరునవ్వు నవ్వి, స్టాంపు తీసి, బల్ల మీద గ్లాసు ఎగిరిపడేలా గుద్దారు. ఆవిడ చేతికి పసుపు దారం కట్టారు.

గురువారం తెల్లారేసరికి వీరవేణి లాకు మీద ఉంది. నిశ్చల్ గారు కూడా వచ్చాడు. మొదటి రైతు దీక్ష కళ్ళారా చూడాలని వచ్చాడట. పక్కన ఏఈ గారు నిలబడ్డారు. నేను నా కుర్చీలో ఉన్నాను.

"బాబాయ్, హ్యాండిలు తీసుకుంటానండి" అంది.

ఆవిడే గోడ మీంచి తీసుకుంది. బరువు తనకి తెలియదు, రెండు చేతులూ కిందికి లాగేశాయి. ఎత్తి, తూము మీదికి వెళ్ళి తగిలించింది. తిప్పింది. కదల్లేదు.

ఆ షట్టరు సంగతి నాకొక్కడికే తెలుసు. ముందు అర చుట్టు వెనక్కి తిప్పి, కాలితో పళ్ళచక్రాన్ని ఒక్క తన్ను తన్నాలి. అప్పుడు లేస్తుంది. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న కిటుకు అది. సెలవు పెట్టినప్పుడల్లా నా కోసం వెతుక్కోవాలని నేనే దాచాను. ఇప్పుడు చెబుదామంటే నిశ్చల్ గారు నా వైపే చూస్తున్నాడు, చేతిలో పుస్తకం, కలం.

ఆవిడ హ్యాండిలు మీద ఒళ్ళంతా వేసి వేలాడింది. చెప్పులు జారుతుంటే విప్పి పక్కన పెట్టి మళ్ళీ పట్టుకుంది. అరచేతులు ఎర్రబడ్డాయి. కొంగుతో చుట్టుకుని మళ్ళీ తిప్పింది. అరగంట. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అవి బయటికి రాకుండా వాటి మీద కూర్చున్నాను. నా పక్కన ఏఈ గారి పిడికిళ్ళు కూడా బిగిసి ఉన్నాయి. నిశ్చల్ గారు "లస్కరు చలించలేదు" అని రాసుకున్నాడు.

చివరికి విసుగెత్తి హ్యాండిల్ని వెనక్కి ఒక్క గుంజు గుంజి, చక్రాన్ని కాలితో తన్నింది. కోపంతో తన్నింది. షట్టరు కిర్రుమంది. లేచింది. నీళ్ళు తూములోకి దూకాయి. ఆవిడ అక్కడే చతికిలబడి కాసేపు వాటిని చూసి, లేచి చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళతో పాటు గట్టు మీద చేను వైపు నడిచింది.

నిశ్చల్ గారు చేతులు జోడించాడు. చెయ్యాలనుకున్న ఆవిడ చేసింది, పోకూడదనుకున్న నేను పోలేదు, రెండు సంకల్పాలూ ఒకదాన్నొకటి తాకకుండా నెరవేరాయి, రాష్ట్రంలో ఇదే మొదటిసారి అన్నాడు. నాకు శాలువా కప్పాడు. కుర్చీలోంచి లేవకుండానే కప్పించుకున్నాను.

ఆ శాలువా ఫోటో ఊళ్ళన్నీ తిరిగింది. శుక్రవారం శివారు వాళ్ళు మిగతా పంతొమ్మిది మందీ ఫారాలు పట్టుకొచ్చారు. సాయంత్రానికి ఏఈ గారి పాతికకి ఐదుగురే తక్కువయ్యారు. అక్కడితో ఆగితే బాగుండేది. శనివారం ఎగువ రైతులు వచ్చారు. పెదగరువుకి ఎత్తితే పక్క కాలవలో మట్టం తగ్గుతుందట. అందుకని వాళ్ళు "పెదగరువు తూము దించుతాను" అని సంకల్పం రాశారు. వాళ్ళకీ దారం కట్టారు. ఎవరికీ ఎవరూ అడ్డు రాకూడదు. కాబట్టి లాకు మీద రెండు వరసలు నిలబడ్డాయి. ఎత్తేవాళ్ళది ఒకటి, దించేవాళ్ళది ఒకటి. ఒకడు వీరవేణి చేసినట్టే చక్రాన్ని తన్ని ఎత్తి, దారం కళ్ళకద్దుకుని పక్కకి జరిగేవాడు, ఇంకొకడు దించి కళ్ళకద్దుకునేవాడు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. చాలా మర్యాదగా జరిగింది. ఆదివారం మధ్యాహ్నానికి ఒక కుటుంబంలో అన్నదమ్ములు చెరో వరసలో నిలబడి, మధ్యలో ఒకే క్యారేజీలోంచి అన్నం తిన్నారు.

నీళ్ళు మాత్రం ఎటు పోవాలో తెలియక నాలుగు గంటలు లాకులో సుడి తిరిగి, అనుకోకుండా మురుగు కాలవలో కలిశాయి. దిగువన పట్టణానికి మంచినీళ్ళ చెరువు నిండలేదు. సోమవారం పొద్దున్న పెద్ద ఆఫీసరు గారు స్నానానికి కుళాయి తిప్పారు. ఏమీ రాలేదు. సబ్బు రాసుకున్నాక తిప్పారట.

పది గంటలకల్లా ఉత్తర్వు వచ్చింది. "తదుపరి ఆదేశములు వెలువడు వరకు సిబ్బంది గాని, ఆయకట్టు రైతులు గాని ఎట్టి సంకల్పమును కలిగియుండరాదు. ఇప్పటికే కలిగియున్నవారు తక్షణమే విడనాడి, ఆ మేరకు ధ్రువీకరణ సమర్పించవలెను." నాకు అనుకునేదేమీ లేదని ఒక కాగితం రాసి సంతకం పెట్టాను. పద్మనాభం గారు ఆ గట్టు తగాదా రైతుని మధ్యలో ఆపేసి భోజనానికి వెళ్ళారు. సూరిబాబుకి మాటలన్నీ తిరిగి ఇచ్చేశారు. నిశ్చల్ గారు అప్పటికే ఇంకో శాఖకి వెళ్ళిపోయాడు కాబట్టి, దారాలు కత్తెరతో మేమే కత్తిరించుకున్నాం. ఏఈ గారు తన దారం తెగిన చప్పుడు కూడా పూర్తికాకముందే నా మీద మొదలెట్టారు. రెండు వారాలది దాచుకున్నారు. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగడానికి ఆగారు. గ్లాసు నేనే అందించాను.

పన్నెండు రోజులకి పెదగరువు చేలు ఈనాయి. తర్వాతి బుధవారం పని మీద వెళ్ళినట్టు శివారు దాకా వెళ్ళాను. వీరవేణి చేలో కంకులు బాగానే వచ్చాయి. పచ్చగా, పాలు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. కానీ ఈశాన్యం మూల గట్టు పక్కన, కాస్త మెరక మీద, పది సెంట్ల మేర కంకులు తెల్లగా నిలబడి ఉన్నాయి. ఆ మూలకి నీళ్ళు ఎక్కేసరికి ఆలస్యమైపోయింది. ఒక కంకి పట్టుకుని చూశాను. లోపల ఏమీ లేదు.

వీరవేణి గట్టు మీద గడ్డి కోస్తోంది. అరచేతుల్లో బొబ్బలు మానుతున్నాయి. నన్ను చూసి లేచి, మంచినీళ్ళిచ్చింది, ధనరాజు నడుం నొప్పి సంగతి చెప్పింది. ఆ తెల్ల మూల గురించి నేనే ఎత్తాను.

"అదాండి" అంది మామూలుగా. "ఆ పది సెంట్లూ మీ సరదాకి ఒదిలేసుకున్నాం లెండి బాబాయ్."

కోపంగా అనలేదు. నవ్వుతూనూ అనలేదు. మళ్ళీ వంగి గడ్డి కోసుకుంది.

నడుచుకుంటూ లాకుకి వచ్చేశాను. మర్నాడు గురువారం ఫోనొచ్చింది, పెదగరువు తూము నాలుగు చుట్లు ఎత్తమని. ఆరు చుట్లు ఎత్తాను. పుస్తకంలో నాలుగని రాశాను.